నాన్న గుమ్మం

జపానుకు దక్షిణపు కొసన ఉన్న నగురా దీవిలో ఎవరిని ఏమడిగినా చెబుతారు. మొగుడెందుకు అలిగి అన్నం మానేశాడో చెబుతారు, పోయిన నెల డాక్టరు ఏ మందులు రాశాడో చెబుతారు, అడగని సంగతులు నాలుగు కలిపి మరీ చెబుతారు. కానీ ఆక్టోపస్ ఏ కన్నంలో దొరికిందని మాత్రం అడగకూడదు. అడిగితే ఊరందరికీ ఒక్కసారే చెవుడు వచ్చేస్తుంది. తండ్రి కొడుక్కి చెప్పడు. అన్న తమ్ముడికి చెప్పడు. ఇక సముద్రంలోకి దిగడం తన వల్ల కాదని తేలిపోయిన రోజున, ఒక్క మనిషిని వెంట తీసుకెళ్లి, ఒక్కసారి చూపించి, ఒడ్డుకు వచ్చేస్తాడు.

దానికి కారణం ఉంది. ఆక్టోపస్ కన్నం పొలం లాంటిది. లోపల ఉన్నదాన్ని పట్టుకుపోతే నెల తిరక్కుండా ఇంకొకటి వచ్చి అందులో కాపురం పెడుతుంది. అంచు చెదరకుండా కొక్కెం తిప్పడం తెలిసిన చేతిలో ఉంటే ఆ కన్నం మూడు తరాలకు తిండి పెడుతుంది. తెలియనివాడు ఒక్క పోటు పొడిస్తే ఆ ఇల్లు పాడుబడిపోతుంది, ఇంకే ఆక్టోపస్సూ అటువైపు తొంగిచూడదు.

మత్సుజో తాతకు అలాంటి కన్నాలు పదకొండు ఉండేవి. రెండేళ్ల క్రితం, ఎనభయ్యో ఏట, ఎడమకాలు మొరాయించినప్పుడు ఆయన వాటిని తన పాత స్నేహితుడి కూతురు మిసావోకి ఇచ్చాడు. కూతురు తొమికో ఉంది కానీ, ఆవిడకు పెద్ద పడవ ఎక్కినా కడుపులో తిప్పుతుంది. ఒడ్డున కిరాణా కొట్టు పెట్టుకుని సముద్రాన్ని కిటికీలోంచి చూస్తే చాలనుకునే మనిషి. మిసావో తండ్రి, మత్సుజో తాత ముప్ఫై ఏళ్లు ఒకే పడవలో వేటకు వెళ్లారు. మిసావోకి పన్నెండేళ్లప్పుడు తండ్రి పోయాడు. ఆ పిల్లను నీళ్లలోకి తోసి, తేలాక ముక్కు తుడిచి, మళ్లీ తోసి, ఈత నేర్పింది మత్సుజో తాతే.

పదకొండో కన్నం దగ్గరికి చివర్న తీసుకెళ్లాడు. దీవికి ఉత్తరాన, పగడపు గట్టు దాటాక ఉంది అది. లైట్‌హౌసు కొసా, బడి మీది నీళ్ల ట్యాంకూ ఒక వరసలోకి వచ్చేదాకా పడవ నడిపి, అక్కడ ఆపి, కిందికి చూడమన్నాడు. దాన్ని ఆయనకు ఇచ్చింది వాళ్ల నాన్న. అందుకని ఆయన దానికి నాన్న గుమ్మం అని పేరు పెట్టుకున్నాడు.

“కాగితం మీద రాసుకోకు,” అన్నాడు. “మనసులో పెట్టుకో. నా మనసులోంచి జారిపోతున్నాయి ఈ మధ్య. ఇది తెలిసింది ఇప్పుడు లోకంలో మనిద్దరికే.”

మిసావో పడవలోనే వంగి దణ్ణం పెట్టింది. ఆ క్షణంలో ఆమెకు తన తండ్రి గుర్తొచ్చి కళ్లు తడిశాయి కూడా. ఇది ఎందుకు చెబుతున్నానంటే, ఆమె చెడ్డమనిషి కాదని ముందే తెలిసి ఉంటే మంచిది.

మిసావో బతుకుతెరువు మూడు గదుల గెస్ట్‌హౌసు. వచ్చినవాళ్లకు పొద్దున్నే చేపా అన్నమూ పెట్టి, కళ్లకు మాస్కు, నోటికి గాలిగొట్టం, కాళ్లకు రబ్బరు రెక్కలు తగిలించి, స్నార్కెలింగ్‌కి తీసుకెళ్తుంది. ఏ రోజు ఎక్కడ నీళ్లు బాగుంటాయో ఆమెకు తెలిసినట్టు దీవిలో ఇంకెవరికీ తెలియదు. వాకిట్లో నిలబడి ఒకసారి గాలి పీల్చి, ఇవాళ పడమటి తీరం గంజినీళ్లు, తూర్పు తీరం అద్దం అని చెప్పేస్తుంది. చెప్పింది చెప్పినట్టే ఉంటుంది. ఆ సంగతి ఆమెకు కాస్త ఎక్కువగానే తెలుసు. జపాను పెద్ద దీవుల నుంచి వచ్చి కొత్తగా షాపులు పెట్టినవాళ్లు ఆరెంజి జెండాల బోట్లు వేసుకుని తిరుగుతుంటే, ఫోనులో గాలి చూసుకునే రకాలు అని పెదవి విరుస్తుంది.

జూన్ నెలాఖరున, వానలు వెనకబట్టి దక్షిణపు గాలి మొదలైన వారంలో, టోక్యో నుంచి కాషివాగి దంపతులు దిగారు. భర్త మితభాషి, చేతికి గడియారం. భార్య నవ్వుముఖం. ఇద్దరూ ఎన్నెన్నో సముద్రాలు చూసినవాళ్లు. కానీ వచ్చిన మూడు రోజులూ గాలి తగ్గలేదు. ఉత్తరపు తీరం వదిలి మిసావో ఎక్కడికి తీసుకెళ్లినా ఇసుక లేచి నీళ్లు మసకబారాయి. ఏదో నాలుగు చేపలు మొహమాటానికి కనిపించి వెళ్లిపోయాయి.

మూడో రోజు భోజనాల దగ్గర ఆవిడ చాలా మర్యాదగా అడిగింది. “పక్క షాపు వాళ్లతో వెళ్లినవాళ్లకి నిన్న తాబేళ్లు కనిపించాయట మిసావో గారూ. మీరు ఇక్కడే పుట్టిపెరిగారు కదా. ఎవరూ చూడని చోటు మీకు ఒక్కటైనా తెలీకుండా ఉంటుందా?”

తెలియదు అంటే అయిపోయేది. మిసావో నోరు తెరిచింది కూడా. కానీ ఆ పక్క షాపు మాట ఎక్కడో గుచ్చుకుంది. దక్షిణపు గాలికి ఉత్తరపు తీరం చెరువులా ఉంటుందని ఆ షాపు వాళ్లకేం తెలుసు? ఉత్తరాన గట్టు దాటాక ఏముందో వాళ్ల ఫోనుకేం తెలుసు? రేపు తీసుకెళ్తానంది.

రాత్రి పడుకుని తనకు తాను సర్దిచెప్పుకుంది. నేను కన్నం చూపించడం లేదు, చుట్టూ ఉన్న పగడాలు చూపిస్తున్నాను. చేపలు ఎవరి సొత్తు? మరునాడు తిన్నగా వెళ్లకుండా, దీవిని సగం చుట్టి, తూర్పు నుంచి వచ్చినట్టు వచ్చి, లైట్‌హౌసు వాళ్ల వీపు వెనక ఉండేలా పడవ ఆపింది. అంత జాగ్రత్త ఎందుకు పడాల్సి వచ్చిందో మాత్రం ఆలోచించలేదు.

నీళ్లు గాజులా ఉన్నాయి. జింకకొమ్ముల్లాంటి పగడాలు కిందంతా లేత నీలంగా, పసుపుగా పరుచుకున్నాయి. చిలకచేపల మంద వాటిని కొరుకుతుంటే కటకటమని చప్పుడు వినిపిస్తోంది. మిసావో కన్నానికి సరిగ్గా పైన తేలుతూ, అటువైపు రాకుండా వాళ్లకు చేత్తో పక్కకి దారి చూపించింది. ఆక్టోపస్ గుమ్మంలో కూర్చుని ఒక కన్ను మాత్రం పైకెత్తి చూసింది.

కాషివాగి భార్య పైకి తేలి మాస్కు తీసేసింది. ఏడుస్తోంది. ఇన్నేళ్లు తిరిగాను, ఇలాంటిది చూడలేదు అంది. మిసావోకి ఛాతీ ఉప్పొంగిపోయింది. తిరుగు ప్రయాణంలో పాట కూడా పాడింది. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా ఆమెను నిలువునా దహించింది ఆ పాటే. చేసిన తప్పును తల వంచుకుని చేయలేదు, పాడుకుంటూ చేసింది.

ఆ భర్త చేతి గడియారం ఈదినంత మేరా మ్యాపు మీద గీత గీసుకుని పెట్టుకుంటుందని ఆమెకు తెలియదు. ఆ దంపతులు ఊరు చేరాక ఫోటోలూ, ఆ గీతా నెట్‌లో పెట్టి, నగురాలో ఎవరికీ తెలియని చోటు అని రాశారు. తీసుకెళ్లిన మనిషికి ఇబ్బంది కాకూడదని పేరు రాయలేదు. మంచివాళ్లే పాపం.

జూలై సగంలో ఉత్తరాన ఒక ఆరెంజి జెండా కనిపించింది. వారం తిరిగేసరికి మూడయ్యాయి. మిసావో ఒడ్డున నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. వాళ్లు వేరే చోట ఆగారేమో అనుకుంది, కాసేపు అలాగే నమ్మింది. మరునాడు వాళ్లెవరూ రాకముందే పడవ తీసింది. లైట్‌హౌసు కొసా, నీళ్ల ట్యాంకూ వరసలోకి వచ్చాయి. కిందికి దూకి చూస్తే, లంగరు ఈడ్చిన చాలు పగడాల మధ్య నాగలి దున్నినట్టు ఉంది. విరిగిన కొమ్మలు తెల్లగా, సుద్దముక్కల్లా పడి ఉన్నాయి. కన్నం పై అంచు కూలిపోయింది. లోపల ఎవరో కెమెరా కర్ర పెట్టి కెలికి వదిలేశారు. దాని పిడి ఇంకా అక్కడే ఉంది. గుమ్మం ముందు ఆక్టోపస్ తిని పారేసిన గవ్వలు చెల్లాచెదురై ఇసుకలో కూరుకుపోయాయి.

ఆ పిడి తెచ్చి చెత్తలో పారేసింది. మళ్లీ తీసి, కాగితంలో చుట్టి, చెత్తబుట్ట అడుగున పెట్టింది.

మత్సుజో తాత రోజూ మధ్యాహ్నం రేవులో, చేపలకు మంచుగడ్డలు అమ్మే మంచు కొట్టు నీడన బల్ల మీద కూర్చుంటాడు. పక్కన మరో ముగ్గురు ముసలివాళ్లు. నలుగురూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ వినరు, అందరికీ హాయిగా ఉంటుంది. ఆగస్టు మొదట్లో ఒకరోజు ఆయన ఆ బల్ల మీంచి లేచి, కర్ర ఊతంతో మిసావో ఇంటికి వచ్చాడు. వచ్చే ఇరవయ్యో తారీకున వాళ్ల నాన్నకు ముప్ఫైమూడో ఏటి తద్దినం. ఆ రోజుతో పోయినవాడు ఇంటి దేవుడైపోతాడు, ఇక ఏడుపు లేదు, విందే. ఇంట్లో పెద్దల పీఠం ముందు పెట్టడానికి నాన్న గుమ్మంలోని ఆక్టోపస్ కావాలని అడగడానికి వచ్చాడు.

మిసావో చేతిలో ఉన్న తడిబట్టను పిండుతూ ఉండిపోయింది. చివరికి, అక్కడికి బోట్లు వస్తున్నాయి తాతా, కన్నం కూలిపోయింది అని చెప్పింది.

“వాళ్లకెలా తెలిసింది?” అన్నాడు.

“తెలీదు తాతా.”

రెండు మాటలే. అవి నోట్లోంచి వచ్చేశాక వెనక్కి తీసుకోవడానికి ఆయన గేటు దాటేదాకా సమయం ఉంది. కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి, గేటు దాటడానికి ఎంతసేపు పట్టిందో చెప్పనక్కర్లేదు. ఆమె బట్ట పిండుతూనే ఉంది.

మరునాడు పొద్దున్నే మళ్లీ వచ్చాడు. చావులకీ పెళ్లిళ్లకీ తొడిగే తెల్లచొక్కా తొడుక్కున్నాడు. చేతిలో గుడ్డమూట. లోపలికి రమ్మంటే రాలేదు. వంగని కాలిని చేత్తో మడిచి, గుమ్మంలోనే మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“నిన్నట్నుంచీ లెక్కేశాను,” అన్నాడు. “తెలిసినోళ్లం ఇద్దరం. నువ్వు చెప్పవు. మీ నాన్న కూతురివి, నువ్వు చెప్పవు. ఇక మిగిలింది నేనే.”

మిసావో ముందుకు వంగింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఎవరితో వాగానో గుర్తు రావట్లేదు. ఆసుపత్రికి వెళ్లే పడవలో ఎవరో టోపీ పెట్టుకున్నాయన చేపల గురించి అడిగాడు. ఆయనతోనేమో. నీ చేతిలో పెట్టినదాన్ని నా నోటితో నేనే పాడుచేశాను. నన్ను క్షమించు అమ్మాయ్.”

నుదురు నేలకు ఆనించాడు. నెత్తి మీద జుట్టు పలచబడి, కింద చర్మం మీద ఎండకు కమిలిన మచ్చలు కనిపిస్తున్నాయి. తనకు ఈత నేర్పినప్పుడు పట్టుకుని వేలాడింది ఆ తలే. మిసావో రెండు చేతులతో ఆయన్ను లేపింది. “పర్వాలేదు తాతా,” అంది.

క్షమించేసింది మహాతల్లి. మూటలో ఎండబెట్టిన ఆక్టోపస్ ఉంది, ఆ గుమ్మంలో ఆయన ఆఖరున పట్టినది, రెండేళ్లుగా దాచుకున్నది. అది కూడా పుచ్చుకుంది. వంటింట్లో మేకుకు తగిలించింది. అది అక్కడ వేలాడుతున్నంతకాలం ఆ గోడ వైపు తిరగకుండా వంట చేయడం నేర్చుకుంది.

ఆ రోజు నుంచి మంచు కొట్టు దగ్గర బల్ల మీద ముగ్గురే కూర్చుంటున్నారు. మిసావో సోయా సాసు కొనడానికి వెళ్తే తొమికో చెప్పింది. నోరు విప్పితే మిగతా పది కన్నాలూ బయటపడిపోతాయట, అందుకని మాట్లాడటమే మానేశాడట. ఏమడిగినా తల ఊపుతాడట. పొద్దున్నే పీఠం ముందు కూర్చుని వాళ్ల నాన్నతో గంటసేపు పెట్టే కబుర్లు కూడా లేవట.

“నోరు కాస్త మూయి నాన్నా అని యాభై ఏళ్లు మొత్తుకున్నాను,” అంది తొమికో, సీసా తుడుస్తూ. “ఇప్పుడు మూశాడు. నాకు అన్నం సయించట్లేదు.”

చెప్పేయాలని మిసావో ఆ వారంలోనే మూడుసార్లు బయల్దేరింది. ఒకసారి పుచ్చకాయ పట్టుకెళ్లి ఇచ్చి వచ్చింది. ఒకసారి గోడ దాకా వెళ్లి, ఇంట్లో గెస్టులున్నారని గుర్తు తెచ్చుకుని వెనక్కి తిరిగింది. మూడోసారి గుర్తు తెచ్చుకోవడానికి కూడా ఏమీ లేదు, ఊరికే తిరిగొచ్చింది. రేపు చెబుతాను అనుకోవడంలో ఉన్న సుఖం అంతా ఇంతా కాదు. అలా అనుకున్న రాత్రి ఆమెకు నిద్ర బాగానే పట్టేది, తెల్లారాక సిగ్గేసేది, నిద్ర పట్టినందుకు.

ఇరవయ్యో తారీకు రానే వచ్చింది. తొమికో ఇంట్లో చాపల మీద ఊరు సగం కూర్చుంది. ఉడికించిన పంది మాంసం, ముడివేసిన సముద్రపు నాచు, వేయించిన సోయా జున్ను, బియ్యప్పిండి ముద్దలు, అన్నీ పీఠం ముందు వరసగా పెట్టారు. నడిమధ్యన ఒక ఖాళీ పళ్లెం ఉంది. దాన్ని తీయనివ్వలేదట తాత. మిసావో ఏప్రాను కట్టుకుని పులుసు గిన్నెలు అందిస్తోంది.

మొదటి అగరొత్తి ఇంటి పెద్ద వెలిగించాలి. అందరూ ఎదురుచూశారు. మత్సుజో తాత లేవలేదు. వత్తులు కూతురి చేతిలోకి తోశాడు. రెండు వారాల తర్వాత మొదటిసారి ఆయన గొంతు వినపడింది. వాడకపోవడం వల్ల బొంగురుపోయింది.

“నా చేత్తో వద్దు. నాన్న ఇచ్చిందాన్ని నోటితో పోగొట్టినోణ్ణి.”

బల్ల మీది స్నేహితులు ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకుని తలలు దించుకున్నారు. వయసు, పాపం, అని ఎవరో ఆడమనిషి మెల్లగా అంది. ఆ పాపం అనే మాట వినేసరికి మిసావో గిన్నెల పళ్లెంతో మధ్యలోనే ఆగింది. ఆమె పళ్లేన్ని చాప మీద పెట్టి, తాత ఎదుట కూర్చుంది.

“తాతా, చెప్పింది నువ్వు కాదు. నేను.”

అంతా చెప్పింది. కాషివాగి దంపతుల సంగతి, పక్క షాపు మాట, దీవి చుట్టి వెళ్లడం, గడియారం. పాట పాడినది కూడా చెప్పింది, ఎవరూ అడక్కపోయినా. తొమికో చేతిలోని వత్తులు అలాగే ఉన్నాయి. ఎవరైనా తిట్టినా బాగుండేది.

తాత ఆమెను చూస్తూ ఉన్నాడు. మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత, చేరదీసి అంతలోనే తోసేసిన చిన్నపిల్లాడి పెదవుల్లా, ఆయన పెదవులు కదిలాయి.

“నేను కాదా?”

“కాదు తాతా.”

“ఎవరితోనూ అనలేదా నేను?”

“ఎవ్వరితోనూ అనలేదు.”

ఆయన స్నేహితుల వైపు తిరిగాడు. “విన్నార్రా? నా బుర్ర ఇంకా ఉందిరా,” అన్నాడు. నవ్వాడు. నవ్వుతుంటే కళ్లలోంచి నీళ్లు కారాయి. ఒకాయన ఆయన వీపు మీద చరిచాడు. తాత కర్ర పట్టుకుని లేచి, తొమికో చేతిలోంచి వత్తులు లాక్కుని, వెలిగించి, చాలాసేపు వాళ్ల నాన్నతో ఏదో గొణుక్కున్నాడు. ఆ తర్వాత వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

“ఆ అమ్మాయికి ఇవాళ మా ఇంట్లో భోజనం లేదు.”

మిసావో ఏప్రాను విప్పి మడతపెట్టి, గుమ్మం దగ్గర పెట్టి, చెప్పులు తొడుక్కుంది. ఆ దీవిలో తద్దినం ఇంటి నుంచి ఖాళీ కడుపుతో పంపడం అంటే చెంపదెబ్బ కన్నా ఎక్కువ. దారిలో ఆమె ఏడ్చింది. అయినా చాలా రోజుల తర్వాత గుండెల నిండా గాలి పీల్చింది. ఇక అయిపోయింది అనుకుంది.

ఊరు ఆమెతో మాట్లాడటం తగ్గించింది. తొమికో సరుకులు గల్లా మీద పెట్టి కిటికీలోకి చూస్తుంది. అది న్యాయమే. మేకుకు వేలాడుతున్న ఆక్టోపస్‌ను మిసావో ఎవరూ చూడకుండా తాత గుమ్మంలో పెట్టి వచ్చింది, మూటతో సహా. మంచు కొట్టు దగ్గర బల్ల మీద మళ్లీ నలుగురు చేరారు. తాత గొంతు రేవంతా వినిపిస్తోంది. మిసావో ఆ దారిన వెళ్లదు, వెనక వీధిలో ఆగి కాసేపు విని పోతుంది.

పదకొండో రోజు పొద్దున్నే గేటు కిర్రుమంది. మిసావో టీ కాస్తోంది. బయటికి వచ్చి చూస్తే మత్సుజో తాత. తెల్లచొక్కా. చేతిలో గుడ్డమూట. ఆమె నోరు విప్పేలోగానే, కాలిని చేత్తో మడిచి, గుమ్మంలో మోకాళ్ల మీద కూర్చున్నాడు.

“మిసావో, నిన్నట్నుంచీ లెక్కేశాను. తెలిసినోళ్లం ఇద్దరం. నువ్వు చెప్పవు. మీ నాన్న కూతురివి, నువ్వు చెప్పవు.”

ఆమె ఆయన కళ్లలోకి చూసింది. వాటిలో కోపం లేదు. ఆ రోజు విన్నదేదీ గుర్తున్న జాడ లేదు. ముప్ఫై ఏళ్లుగా ఉన్న నమ్మకమే, గీత పడకుండా, తుడిచిన అద్దంలా ఉంది.

వీధిలో ఎవరూ లేరు. పర్వాలేదు తాతా అంటే లేచి వెళ్లిపోతాడు. ఊరికి ఎలాగూ నిజం తెలుసు, చెప్పాల్సింది ఒకసారి చెప్పేసింది, ఇంకోసారి చెప్పమని ఎవరడుగుతారు? మహా అయితే ఈ ముసలాయన ఇంటికి పోయి మళ్లీ నోరు మూసుకుంటాడు. ఆ బల్ల మీద మళ్లీ ముగ్గురే ఉంటారు.

మిసావో గుమ్మం దిగి, ఆయన కన్నా కిందగా, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుంది.

“తాతా, చెప్పింది నువ్వు కాదు. నేను.”

ఆయన పెదవులు ఆ రోజు కదిలినట్టే కదిలాయి, ఇప్పుడే మొదటిసారి విన్నట్టు. నేను కాదా అన్నాడు. కాదంది. నా బుర్ర ఇంకా ఉందన్నమాట అని నవ్వాడు. నవ్వు అయ్యాక ఆమెను చూసి, మూట తీసుకుని లేచాడు. టీ తాగి వెళ్లమంటే, నీ ఇంట్లో నాకు మంచినీళ్లు కూడా వద్దన్నాడు. గేటు దాటడానికి చాలాసేపు పట్టింది. మిసావో మట్టిలోంచి లేవకుండా, రేవులో ఆయన గొంతు లేచేదాకా విన్నది.

సెప్టెంబరులో రెండుసార్లు వచ్చాడు. అక్టోబరులో వారం వారం వస్తున్నాడు. వచ్చిన ప్రతిసారీ తెల్లచొక్కా తొడుక్కుని, ఆమెను పూర్తిగా నమ్మి వస్తాడు.